మా మామగారి ఇత్తడి తూటాలు

మా మామగారికి తుపాకీ ఉందన్న సంగతి పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు. అమ్మాయి ఇంటర్ చదివిందనీ, కుట్టుమిషను వచ్చనీ, పులుపు కాస్త ఎక్కువ తింటుందనీ చెప్పారు. మా అమ్మ కూడా తక్కువది కాదు. అబ్బాయి నందిగామ కోర్టులో పనిచేస్తాడని గొప్పగా చెప్పింది గానీ, అక్కడ టైపు మిషను ముందు కూర్చుంటాడని విడమరిచి చెప్పలేదు. వాళ్లు తుపాకీ దాచారు, మేం టైపు మిషను దాచాం. సంబంధం కుదిరిపోయింది.

తొంభైల మధ్యకాలం అది. అత్తవారి ఊరు జగ్గయ్యపేటకి అవతల, ఖమ్మం జిల్లా సరిహద్దులో గుట్టల కింద ఉంది. నందిగామలో బస్సెక్కి పేటలో దిగి, అక్కడ ఇంకో బస్సు కోసం నిలబడి నిలబడి, అది వచ్చాక మళ్లీ అందులో కూడా నిలబడే వెళ్లాలి. మిరప, పత్తి వేసేవారు. గుట్ట వారగా ఉన్న ఎర్రనేల చెక్కలో వేరుశనగ. మామగారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ దూరంగా ఏదో వింటున్నట్టు తల ఓ పక్కకి వంచి ఉండేవారు. అత్తగారు ఆయనకి సగం ఎత్తు. ఆ ఎత్తు తేడాని నోటితో సరిచేసుకునేది.

పెళ్లయ్యాక మొదటిసారి వెళ్లినప్పుడు మామగారు ఒక్కరే పేట వెళ్లి, నాకు చొక్కా గుడ్డ కొనుక్కొచ్చారు.

"బూడిద రంగు బాబూ. కోర్టుకి వేసుకుపోయినా హుందాగా ఉంటది" అంటూ కాయితప్పొట్లం నా చేతిలో పెట్టారు.

విప్పి చూస్తే గులాబీ రంగు. ఉయ్యాల్లో వేసే పిల్లకి గౌను కుట్టిస్తారే, ఆ గులాబీ. తలెత్తి అత్తగారి వైపు చూశాను. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నా భార్య వైపు చూశాను. పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న ఇంటి దూలాల్ని ఆమె అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు పరీక్షిస్తోంది. ఈ ఇంటి వేళాకోళం ఇలా ఉంటుందేమో, కొత్తల్లుడి ఓపిక చూస్తున్నారేమో అనుకున్నాను.

"చాలా బాగుందండీ" అన్నాను.

"చూశావా!" అన్నారు మామగారు వంటింటి వైపు తిరిగి.

ఆ మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి, నులకమంచం మీద నడుం వాలుద్దామనుకుంటూ ఉండగా ఆయన వచ్చి నిలబడ్డారు. "అల్లుడు గారూ, ఏమీ అనుకోకపోతే ఓసారి బాత్రూంలోకి రాగలరా?"

కొత్తల్లుడికి చాలా మర్యాదలు జరుగుతాయని విన్నాను గానీ ఈ మర్యాద సంగతి ఎవరూ చెప్పలేదు. లేచి ఆయన వెనకే వెళ్లాను.

బాత్రూం పెరట్లో, ఇంటికి ఎడంగా ఉంది. ఇటుక గోడలు, పైన రేకులు, రేకు తలుపు, గోడలో పైన పిడికెడంత కంత. లోపల నీళ్ల తొట్టి పక్కన బోర్లించిన బకెట్టు, దాని మీద వెడల్పాటి పళ్లెం, పళ్లెంలో నీళ్లు. ఆ నీళ్లలో నడుం దాకా మునిగి, మూతులు పైకెత్తి, వేలెడేసి ఇత్తడి గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఏదో వ్రతం కాబోలు, ఇక్కడ ఇలా చేస్తారు కాబోలు అనుకున్నాను.

"ఇవేంటండీ?"

"తూటాలు."

నేను వెనక్కి అడుగేశాను. వెనక తలుపు తగిలి ధడేల్మంది.

"ఖాళీయేలే బాబూ! మందు లేదు, గుండు లేదు. ఉత్త గొట్టాలు" అని నవ్వారు. అప్పుడు తుపాకీ సంగతి చెప్పారు.

అది ఆయన తండ్రి నాటిది. ఒంటి గొట్టం తుపాకీ. పంట కాపలా కోసం తీసుకున్న లైసెన్సు తండ్రి తరవాత ఆయన పేరుకి మారింది. గుట్ట మీద అడవి పందులు ఉండేవి. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో అవి దిగొచ్చి, దున్నినట్టు మడి మొత్తం తిరగేసి పోయేవి. వాటిని చంపకూడదు. చంపితే ఫారెస్టు వాళ్లతో తలనొప్పి. ఆయనకి చంపే ఉద్దేశమూ లేదు. అందుకని తూటాలో గుళ్లు ఉండవు. మందు, దాని మీద అట్ట బిళ్ల, అంతే. పైకెత్తి పేలిస్తే గుట్టంతా మారుమోగేది. పందులు ఆ రోజుకి పోయేవి.

"మరి ఈ నీళ్లెందుకండీ?"

"చెప్తా. ఈ ఇత్తడివి మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. కాకపోతే పేలినప్పుడల్లా మూతి ఉబ్బుద్ది. దాన్ని మళ్లీ నొక్కి సైజుకి తెస్తాం. ఉబ్బి, నొక్కి, ఉబ్బి, నొక్కి, ఇత్తడి బిరుసెక్కిపోద్ది. ఆనక ఒకరోజు మూతి పెటుక్కున పగులుద్ది. బిందెలు చేసేవాళ్లు కొట్టి కొట్టి, మధ్యలో ఓసారి కాల్చి మళ్లీ కొడతారు చూశారా? అదే యవ్వారం. కాలిస్తే మెత్తబడుద్ది. మూతి ఒక్కటే మెత్తబడాల. అడుగు బిరుసుగానే ఉండాల, మందు దెబ్బ తట్టుకునేది అదేగా. అందుకని అడుగు నీళ్లల్లో పెట్టి, మూతి మంటలో పెడతాం."

వినడానికి బాగానే ఉంది. బాత్రూం ఎందుకన్నది మాత్రం అర్థం కాలేదు. అడిగాను.

"రంగు చూడాల బాబూ. వెలుతుర్లో రంగు తెలవదు. మన ఇంట్లో పగటిపూట చీకటుండేది ఇక్కడే. గడ్డీ గాదం లేని చోటు కూడా ఇదే."

మోటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరుండే బ్లో ల్యాంపు ఒకటి తెచ్చారు. కిరోసిన్ పోసి పంపు కొడితే బుస్సుమని నీలం మంట సూటిగా కొడుతుంది. తలుపేశారు. నా చేతికి పనేమీ ఇవ్వలేదు. కంటికి ఇచ్చారు.

"ముందు పసుపు మీద నీలం పారుద్ది. అది పట్టించుకోమాకండి. కాసేపటికి మూతి అంచు మీద కనపడీ కనపడనట్టు ఎరుపొస్తది. నిప్పు ఎరుపు కాదు, ఆరిపోబోయే బొగ్గు ఎరుపు. అది రాగానే 'చాలు' అనండి. నేను పుల్లతో నీళ్లల్లోకి పడేస్తా. ఎరుపు ముదిరిందా, మూతి ముద్దయిపోద్ది."

"మీరే చూసి పడెయ్యొచ్చు కదండీ?"

ఆయన పంపు కొడుతూ కొంచెం ఆగారు. "మంట పట్టుకున్నోడు మంట మీద ధ్యాస పెట్టాల. ఇది ఇద్దరు మనుషుల పని" అన్నారు.

మొదలుపెట్టాం. ఆ చీకట్లో మంట బుసకొడుతుంటే నేను బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, తూటా మూతి వంక కళ్లార్పకుండా చూశాను. నీలం వచ్చింది. ఎరుపు వచ్చిందో, వచ్చిందని నేననుకున్నానో తెలియదు. "చాలు" అన్నాను. చుయ్‌మని నీళ్లలో పడింది. రెండోదానికి ఎరుపు స్పష్టంగా కనిపించాకే చెబుదామని ఆగాను. స్పష్టంగానే కనిపించింది, కాస్త ఎక్కువ స్పష్టంగా. "చాలు చాలు!" అన్నాను. మామగారు దాన్ని పుల్లతో పడేశారు.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ కొత్తల్లుణ్ణి చూసిపోదామని వచ్చింది. రేకు తలుపు ఇవతల మాకు అంతా వినపడుతోంది.

"అల్లుడేడి వదినా?"

"బాత్రూంలో ఉన్నారు" అంది అత్తగారు.

"స్నానానికా? సరే, ఉంటాలే. అన్నయ్య పొలం పోయాడా?"

ఒక క్షణం నిశ్శబ్దం. "లేదు. ఆయనా బాత్రూంలోనే ఉన్నాడు."

ఈసారి నిశ్శబ్దం ఇంకాస్త పొడుగ్గా సాగింది. లోపల మామగారు బ్లో ల్యాంపు గబుక్కున తగ్గించారు. అది ఆరకుండా బుడబుడమంటూ వింత శబ్దాలు చేసింది. దాంతో బయట నిశ్శబ్దం మరీ పెరిగింది. చివరికి మేమిద్దరం ముఖాన మసితో, కళ్లు నీళ్లు కారుతూ, ఒకరి వెనక ఒకరం బయటికి వచ్చేసరికి ఆవిడ లేచి నిలబడి, "మళ్లొస్తాలే వదినా" అని వెళ్లిపోయింది. ఆ తరవాత ఆ ఊళ్లో నేను ఏ వీధిలో నడిచినా ఆడవాళ్లు తలుపు చాటుకి వెళ్లి నవ్వుకునేవాళ్లు. సిగ్గుపడుతున్నారని మామగారు చెప్పారు.

నేను చాలన్న తూటాల సంగతి ఆ సాయంత్రమే తేలింది. వేరుశనగ చేను దగ్గరికి అందరం వెళ్లాం. ఎండ గుట్ట వెనక్కి దిగుతోంది. మామగారు గట్టు మీద నిలబడి, తుపాకీ ఆకాశంలోకి ఎత్తి ఒకటి పేల్చారు. నా చెవులు గింగుర్లెత్తాయి. బాగానే పేలింది. రెండోది పెడదామని తుపాకీని కీలు దగ్గర విరిచి చూస్తే మొదటి తూటా బయటికి రాదు. మూతి మరీ మెత్తబడిపోయి, గొట్టం గోడకి పేడలా అతుక్కుంది. గోటితో లాగారు, కత్తితో లాగారు. రాలేదు. ఈలోగా చేను ఆ చివర పొదల్లోంచి నాలుగైదు పందులు, పిల్లలతో సహా, పెళ్లి భోజనానికి వస్తున్నట్టు నింపాదిగా దిగాయి.

మామగారు విరిచిన తుపాకీతో నిలబడి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని "హేయ్" అన్నాను. కోర్టులో పనిచేసి చేసి నా గొంతుకి అంతకంటే అలవాటు లేదు. ఒక పంది తలెత్తి చూసి మళ్లీ దించుకుంది.

అప్పుడు అత్తగారు చీర కుచ్చిళ్లు ఎగదోపింది. "ఓరి మీ వంశం నాశనం గానూ! మీ యబ్బ విత్తనాలేశాడంట్రా ఇక్కడ?" అంటూ చేనుకి అడ్డంపడి పరిగెత్తింది. ఆ కేకకి గుట్ట మీది కొంగలు కూడా లేచిపోయాయి. పందులు వచ్చిన దారినే, పిల్లల్ని కూడా చూసుకోకుండా పోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం మామగారు అత్తగారితో, నాకు వినపడేట్టు అన్నారు: "అల్లుడు గారి కన్ను మంచిదే. కాకపోతే కోర్టు కన్ను. తీర్పు కాస్త ఆలస్యంగా వస్తది."

నా భార్యకి పొలమారింది. నేనే నీళ్లందించాల్సి వచ్చింది.

మరుసటేడు ఆమె పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఆదివారాలు నేను వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. ఒక ఆదివారం వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లోంచి బ్లో ల్యాంపు బుసలు వినిపించాయి. వెళ్లి చూస్తే బాత్రూం తలుపు ఓరగా తీసి ఉంది. నా భార్య గుమ్మం దగ్గర స్టూలు మీద, నిండు పొట్టతో, పుల్లమామిడి ముక్క కొరుక్కుంటూ కూర్చుంది. వెలుతురు లోపలికి పడకుండా తలమీద నుంచి దుప్పటి కప్పుకుని, లోపలికి చూస్తూ, "చాలు" అంది. చుయ్. ముక్క నమిలింది. "చాలు." చుయ్. తండ్రి ఏమీ అడగడం లేదు, ఆమె ఏమీ చెప్పడం లేదు. నాకు చెమటలు పట్టించిన పనిని ఆమె మామిడికాయ తింటూ చేసేస్తోంది. మామగారి ముఖం అంత నిబ్బరంగా ఉండటం నేనప్పటిదాకా చూడలేదు.

అత్తగారు పొలం నుంచి వచ్చి, పారేసిన టెంక చూసి, "కడుపుతో ఉన్నదాన్ని కిరసనాయిలు కంపులో కూర్చోబెట్టావా? నీకు తూటాలు మెత్తబడితే చాలు. నన్నూ ఓసారి కాల్చి నీళ్లల్లో పడెయ్యరాదూ, మెత్తబడతానేమో!" అంది.

"అంత మంట ఈ ల్యాంపుకి లేదులే" అన్నారు మామగారు.

సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు నా భార్యని అడిగాను. "మీ నాన్న ఇన్నేళ్లుగా చేస్తున్నారు కదా, ఆ ఎరుపు ఆయనకి తెలీదా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మీరు కోర్టులో చెప్పరు కదా?"

"ఏం చెప్పనూ?"

"ఒట్టెయ్యండి."

పొట్ట మీద చెయ్యి వేయించుకుని మరీ చెప్పింది. మామగారికి పుట్టుకతోనే ఎరుపు తెలియదు. పండు మిరపకాయా, పచ్చి మిరపకాయా ఆయనకి ఒకటే తీరు. ఊరందరికంటే మంచి మిరప పండించే మనిషికి ఎరుపు కనపడదు! కోతకి వచ్చిందో లేదో అత్తగారు చేలోకి వెళ్లి చూసి చెబుతుంది. కల్లంలో తాలుకాయ ఏరడం మాత్రం ఆయనకి తెలుసు, అది తెల్లబారి ఉంటుంది కాబట్టి. గులాబీ ఆయనకి బూడిద. తూటాల మీద ఎరుపు చూసి చెప్పడం చిన్నప్పటి నుంచీ నా భార్య పని. ఆమెకి పెళ్లయి నందిగామ వచ్చేశాక ఆ పని చేసేవాళ్లు లేక, ఆమెని తీసుకుపోయిన మనిషినే బాత్రూంలోకి పిలిచారు.

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా?"

"మీరు కోర్టు మనిషి కదా. కళ్ల సంగతి తెలిస్తే లైసెన్సు పోద్దని నాన్న భయం. 'అల్లుడు మంచివాడే గానీ, ప్రమాణం చేసినోడు' అన్నాడు."

నేను ప్రమాణం ఎక్కడ చేశాను? మిషనుకి రిబ్బను మార్చడం తప్ప న్యాయానికి నేను చేసిన సేవ ఏమీ లేదు. ఆ మాట అందామనుకున్నాను. అన్నాళ్లుగా ఆ ఇంట్లో నాకు దక్కుతున్న గౌరవం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ సంగతి నాకు తెలిసిందని మామగారికి ఎవరు చెప్పారో తెలియదు. మా పాప పుట్టాక, మిరప కోతల రోజుల్లో ఒకసారి, కల్లంలో ఎండబోసిన కాయల పక్కన ఇద్దరం కూర్చున్నాం. కళ్లు మండేంత ఎరుపు చుట్టూ పరుచుకుని ఉంది. ఆయన చేత్తో కాయల్ని కలియదిప్పుతూ, నా వంక చూడకుండా అడిగారు.

"బాబూ, తుపాకీ లైసెన్సుకి కళ్ల పరీక్ష ఏమైనా ఉంటదా?"

"నేను టైపు కొట్టిన కాయితాల్లో ఎక్కడా చూళ్లేదండీ."

"రంగుల సంగతి?"

"రంగుల మాటే లేదండీ. ఆకాశంలోకి కాల్చేవాళ్లకి రంగులతో ఏం పని?"

ఆయన తల పక్కకి వంచారు. "ఆ చొక్కా ఏ రంగు?"

"బూడిద రంగేనండీ."

"కోర్టులో పనిచేసే మనిషి అబద్ధం చెప్పకూడదు బాబూ" అన్నారు. పెదవి చివర నవ్వు. "గులాబీ అంట. మీ అత్తయ్య ఆ రోజే చెప్పింది. మీరు వేసుకుని తిరుగుతుంటే మార్చి తెస్తానని చెప్పటానికి మొహం చెల్లలా."

"మంచి గుడ్డండీ, ఎన్ని ఉతుకులైనా రంగు పోలేదు."

"పోతే బాగుండేదేమో" అన్నారు. ఇద్దరం నవ్వాం. మిరపకాయల ఘాటుకి ఆయనకి తుమ్ములొచ్చాయి, వాటితో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ తరవాత ఆ విషయం మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. అవసరం లేకపోయింది. బాత్రూంలోకి పిలిచినప్పుడల్లా "నేను సరిగా చెప్పలేనండీ" అని నేనూ, "ఏం పర్లేదు, పందులకేం తెలుసు" అని ఆయనా అనుకుంటూ పని కానిచ్చేవాళ్లం.

ఆ రోజుల్లో ఎలక్షన్లు ఊరికే వచ్చేవి. వచ్చినప్పుడల్లా తుపాకీని స్టేషన్లో అప్పజెప్పాలి, ఫలితాలొచ్చాక తెచ్చుకోవాలి. మామగారు దాన్ని పాత దుప్పట్లో చుట్టి బస్సులో తీసుకెళ్లేవారు. అడిగినవాళ్లకి గొడుగని చెప్పేవారు. అంత పొడుగు గొడుగు ఏమిటని ఎవరూ అడగలేదు, ఆయన పొడుగుకి సరిపోయింది కాబట్టి. తుపాకీ లేదని పందులకి ఎలా తెలిసేదో గానీ, ఆ వారాల్లోనే కుటుంబసమేతంగా దిగేవి. "అవి పేపరు చదువుతాయి" అనేవారు మామగారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఇంటికి ఫోనొచ్చింది, కొన్నేళ్లకి చేతిలో సెల్లూ వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం నందిగామలో మా ఇంట్లో ఫోను మోగింది. నా భార్య తీసి, రెండు మాటలు విని, నన్ను పిలిచి నవ్వుతూ స్పీకరు నొక్కింది. అవతల బ్లో ల్యాంపు బుస వినపడుతోంది.

"అమ్మాయ్, ఉన్నావా? మీ అమ్మ చూస్తా ఉంది. చెప్పవే" అన్నారు మామగారు.

అత్తగారి గొంతు బాత్రూం గోడల మధ్య ఖంగుమంది. "ఏం చెప్పమంటావు? పసుపుగా ఉంది. ఆఁ, ఇప్పుడు వంకాయ రంగొచ్చిందే."

"ఇంకా ఉండమ్మా" అంది నా భార్య.

"ముదురు వంకాయ. ఇప్పుడు నీ ఓణీల ఫంక్షను చీర అంచు ఉందే, ఆ రంగు."

"ఏ చీర? నెమలికంఠం చీరా?"

"అది కాదే, మీ మేనత్త పెట్టింది. ఆవిడ అన్నీ అట్టాంటివేగా పెట్టేది."

"మీ మాటలు తరవాత! ఎరుపొచ్చిందా లేదా?" మామగారి గొంతు.

"అరవమాక! వచ్చింది. కాదు, పోయింది. కాదయ్యా, నువ్వు మంట అటు తిప్పితే నాకేం కనపడుద్ది?"

"అమ్మా, పొయ్యి కింద బొగ్గు ఆరిపోయే ముందు ఎట్టా ఉంటదో అట్టా ఉందా?"

"ఆఁ. అట్టానే ఉంది."

"చాలు!" అని మేమిద్దరం ఒకేసారి అరిచాం. చుయ్ అన్న శబ్దం నందిగామ దాకా వినపడింది.

మొదటి రెండు మూడు తూటాలు పాడయ్యాయట. ఆ తరవాత అత్తగారికి పట్టుచిక్కింది. అరిసెల పాకం ముదరడం, లేతగా ఉండటం కంటితో పట్టే మనిషికి ఇదెంత? ఆ సంగతి ఆమే గుర్తించి, "ఇంతేనా ఈ విద్య? ఇన్నేళ్లూ దీనికోసం ఆ పిల్లని, అల్లుణ్ణి చంపుకు తిన్నావు. నన్నడిగితే పోయేది కాదూ!" అంది. ఆమెని ముందే ఎందుకు అడగలేదో మామగారు చెప్పలేదు. నాకు తెలుసు. అడిగితే ఆ తరవాత ఏం వినాల్సి వస్తుందో ఆయనకి ముందే తెలుసు.

ఫోన్లు మాత్రం ఆగలేదు. పని అత్తగారే చూసుకునేది. రంగు సంగతి అయిపోయాక పాప బడి గురించీ, పేటలో పత్తి రేటు గురించీ, ఎవరింట్లో ఎవరికి సంబంధం కుదిరిందో దాని గురించీ ముగ్గురూ మాట్లాడుకునేవాళ్లు. ఒక్కోసారి వెనక బుస కూడా వినపడేది కాదు. ఏ తూటా కాల్చకుండానే తూటాల పేరు చెప్పి ఫోను చేశారని అర్థమయ్యేది.

పందుల సమస్య చివరికి తుపాకీతో తీరలేదు. రంగురంగుల చీరలు చేను చుట్టూ కట్టి గాలికి ఎగరేస్తే పందులు రావడం లేదని ఎవరో చెప్పారు. అత్తగారు పెట్టె తెరిచి పాత చీరలన్నీ తీసింది. గట్టు పొడుగునా గుంజలు పాతి, ఆమె జీవితంలో కట్టిన చీరలన్నీ వరసగా కట్టారు. మేం వెళ్లేసరికి గుట్ట కింద తిరునాళ్ల జరుగుతున్నట్టుంది. ఆ ఏడు ఒక్క పంది దిగలేదు.

"చూశారా బాబూ" అంది అత్తగారు నాతో, మామగారికి వినపడేట్టు. "ఆయన తుపాకీ ముప్పయ్యేళ్లు చెయ్యలేని పని నా పాత చీరలు చేశాయి."

"అవి నీ చీరలని వాటికి తెలిసిపోయింది. ఆ రోజు చేలో కేకేశావే, అది మరిచిపోలా" అన్నారు మామగారు.

ఇంక లైసెన్సు రెన్యువల్ చేయించుకోవడాలు, స్టేషన్ చుట్టూ తిరగడాలు తన వల్ల కాదని ఒక ఏడు ఆయనే అన్నారు. విజయవాడలో ఆయుధాల కొట్టులో తుపాకీ అప్పజెప్పడానికి నేనూ వెంట వెళ్లాను. కావలసిన కాయితాలు నేనే టైపు కొట్టాను. కొట్టతను తుపాకీ తీసుకున్నాడు. సంచిలోని ఇత్తడి తూటాలు చూసి, ఇప్పుడివి ఎవరూ అడగరు పెద్దాయనా, తీసుకుపొండి అన్నాడు. మామగారు వాటిని కౌంటరు మీద పరిచి, ఒక్కోదాన్నీ మూతి మీద వేలితో తడిమి, మళ్లీ సంచిలో వేసుకున్నారు.

తిరుగు బస్సు కంచికచర్లలో ఆగితే దిగి మిరపకాయ బజ్జీలు తిన్నాం. నందిగామలో మా ఇంటికి వచ్చారు. కాసేపటికి అత్తగారు నాకే ఫోను చేసింది. గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, బాధపడ్డాడా?"

"లేదండీ. బజ్జీల్లో ఉప్పు ఎక్కువైందన్నారు."

"అట్టాగా" అంది. ఇంకేదో అడగబోయి, "సర్లే, రేపు జాగర్తగా బస్సెక్కించండి" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఎవరికీ చెప్పకుండా బజారుకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి సంచిలో తూటాలు లేవు. పాత సామానుకి మార్పు ఇచ్చే కొట్టులో వాటిని ఇచ్చేసి, బదులుగా ఇత్తడి చెంబొకటి తెచ్చారు. సన్నటి మెడ, బుంగ కడుపు. నా భార్య చేతికిచ్చి, "మీ అమ్మకి బాగుంటదా?" అని అడిగారు. బాగుంటుందంది. అప్పుడు నాకిచ్చారు. నేనూ బాగుందన్నాను.

అత్తగారికి నచ్చలేదు. మెడ సన్నం, లోపల తోమటానికి చెయ్యి దూరదు, చూడకుండా ఏది పడితే అది కొనుక్కొస్తాడని ఫోనులో మా ఆవిడకి చెప్పింది. తరవాతి వారం మేం వెళ్లినప్పుడు చూశాను. పుల్లకి గుడ్డ చుట్టి, చింతపండు పెట్టి, మెడలోకి తోస్తూ, ఆయన్ని తిట్టుకుంటూ దాన్ని తోముతోంది. పక్కన అరుగు మీద కొత్త స్టీలు చెంబులు రెండు, ముట్టుకోకుండా బోర్లించి ఉన్నాయి.